ఇంట్లో రికార్డింగ్ రూమ్ కట్టించుకున్నాం: సౌండ్‌ప్రూఫింగ్ చేసిన టీమ్ మీద నా రివ్యూ

మాది మల్కాజ్‌గిరి. రైల్వే లైన్‌కి ఆనుకుని ఏం లేదు గానీ ఇంజన్ హారన్ కొడితే ఇంట్లో అందరూ మాట ఆపేసేంత దగ్గరే. కింద అమ్మానాన్న, పై అంతస్తులో మేము, దాని మీద టెర్రస్, అక్కడ వాటర్ ట్యాంకు, మోటారు. నేను చేసేది వాయిస్ ఓవర్, ఆడియోబుక్స్, తమ్ముడు కీబోర్డు వాయిస్తాడు, మిక్సింగ్ చేస్తాడు. ఇన్నాళ్ళూ యూసఫ్‌గూడ, కృష్ణానగర్ వైపు గంటల లెక్కన స్టూడియోలు తీసుకుని నెట్టుకొచ్చాం, కానీ రెండు నిమిషాల యాడ్‌లో ఒక్క లైన్ మార్చమంటే కూడా సగం రోజు ట్రాఫిక్‌కే పోతోంది, అందుకే పై అంతస్తులో 13 బై 10 గది ఒకటి పూర్తిగా దీనికే మార్చేద్దాం అనుకున్నాం. చేసిన టీమ్ పేరు మాత్రం రాయను, చిన్న టీమ్, పొగిడేవి ఉన్నాయి, తిట్టేవి కూడా బాగానే ఉన్నాయి.

ముందు కొటేషన్ల సంగతి, ఎందుకంటే అక్కడే సగం విషయం తెలిసిపోతుంది. మొదటాయన వచ్చి గది మధ్యలో నిలబడి రెండు చప్పట్లు కొట్టి ఫోన్‌లో ఫొటోలు చూపించాడు, నల్లటి ఫోమ్ పలకలు, వెనక నీలం రంగు లైట్లు, చూడ్డానికి అదిరిపోయింది. "మేడమ్ ఇది వేశామంటే చీమ చిటుక్కుమన్నా వినపడదు" అన్నాడు. రేటు కూడా ఫోమ్ చదరపు అడుగు లెక్కన చెప్పాడు. ఆ ఫోమ్‌తో రైలు సౌండ్ ఆపాలనుకోవడం దోమతెర కట్టి వాన ఆపడమే. ఫోమ్ అంటే గాలి దూరే స్పంజి, గదిలో పుట్టిన సౌండ్ గోడకి తగిలి తిరిగి రాకుండా కొంచెం మింగుతుంది అంతే, బయట నుంచి వచ్చేదాన్ని ఆపడానికి దానికి బరువేదీ? కోడిగుడ్ల అట్టలు కూడా అంతే, వాటి గురించి ఇంకా వీడియోలు చేస్తున్నారంటే ఆశ్చర్యమే.

మేం పెట్టుకున్న టీమ్ ఓనర్ చేసింది వేరే. సాయంత్రం వస్తానని చెప్పి రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చాడు (లేటు గురించి తర్వాత చెప్తా, అది వీళ్ళ అలవాటు), ఫ్యాన్ ఆపించి, లైట్ ఆపించి, గదిలో కాసేపు ఊరికే కూర్చున్నాడు. రైలు వెళ్తున్నప్పుడు కిటికీ ఫ్రేమ్ మీద చెయ్యి పెట్టి చూశాడు, తర్వాత గోడ మీద, తర్వాత చెప్పులు విడిచి నేల మీద. ఏ గోడ అవతల ఏముందో ఒక్కొక్కటీ అడిగాడు. ఆఖర్న "మీకు బయట సౌండ్ లోపలికి రాకూడదా, మీ సౌండ్ బయటికి పోకూడదా, లేకపోతే రికార్డింగ్‌లో గది మోత ఉండకూడదా? మొదటి రెండూ ఒకటే పని, మూడోది వేరే పని, వేరే డబ్బులు" అన్నాడు. ఆ మాటతోనే ఫిక్స్ అయిపోయాం. కాకపోతే అడిగింది నేనైనా జవాబు మాత్రం తమ్ముడి వైపు తిరిగి చెప్పేవాడు, ఆ గదిలో రోజంతా కూర్చునేది నేనేనయ్యా అని రెండుసార్లు గుర్తు చేయాల్సొచ్చింది.

పని ఏంటంటే గదిలో గది. మాది పాత ఇల్లు, ఇటుక గోడ, లోపలా బయటా ప్లాస్టరింగ్. ఆ గోడకి రెండంగుళాలు వదిలి లోపల ఇనప చానెళ్ళతో ఇంకో ఫ్రేమ్, ఆ సందులో 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాయిని కరిగించి తీసిన ఉన్ని), 48 డెన్సిటీది, అంటే ఘనపు మీటరుకి 48 కిలోలు, దాని మీద 12.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు రెండు పొరలు, ఒక పొర జాయింట్ మీద ఇంకో పొర జాయింట్ పడకుండా. సీలింగ్ కూడా ఇదే పద్ధతి, కాకపోతే పైన స్లాబుకి రబ్బరు ఉన్న హ్యాంగర్లతో వేలాడదీశారు. ఇందులో అసలు కిటుకు ఏంటంటే కొత్త గోడ పాత గోడని ఎక్కడా గట్టిగా ముట్టుకోకూడదు, ఒక్క పొడుగు స్క్రూ అవతలి ఇటుకలోకి దిగినా అంత ఖర్చు పెట్టి చేసిన పనికి అక్కడ వంతెన వేసినట్టే. జిప్సం పనివాళ్ళు హిందీ కుర్రాళ్ళు, చెయ్యి భలే వేగం, కానీ వాళ్ళకి ఆఫీసు ఫాల్స్ సీలింగులు చేసి అలవాటు, ఫ్రేమ్ కొంచెం ఊగితే చాలు గోడకి ఒక క్లాంప్ కొట్టేద్దాం అంటారు. తమ్ముడు వచ్చీరాని హిందీతో పక్కనే నిలబడి కాపలా కాశాడు. ఓనర్ సైట్‌లో ఉన్న రోజు పని ఒకలా, లేని రోజు ఒకలా ఉండేది, ఇది పెద్ద మైనస్.

బరువు గురించి ఎవరూ చెప్పరు గానీ ఇది ముఖ్యం. జిప్సం బోర్డు చదరపు మీటరుకి ఎనిమిది కిలోల పైనే, రెండు పొరలు, నాలుగు గోడలు, సీలింగ్, మా గదికి బోర్డులే దాదాపు 900 కిలోలు తేలాయి, ఇనుము, రాక్‌వూల్, తలుపు దానికి అదనం. ఇళ్ళ స్లాబులకి మన ఐఎస్ 875 కోడ్‌లో (బిల్డింగుల మీద పడే బరువుల లెక్కలు ఉండేది) చదరపు మీటరుకి 200 కిలోల లెక్కన లైవ్ లోడ్, అంటే మనుషులు, సామాన్ల బరువు, పెట్టుకుంటారు కాబట్టి లెక్క ప్రకారం సరిపోతుంది, కానీ మాది పాత స్లాబు కాబట్టి మాకు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిచి చూపించాకే పని మొదలుపెట్టించాం. ఓనర్ దీనికి మొహం చిట్లించాడు, "ఎవరూ అడగరు మేడమ్" అన్నాడు. అదే కదా భయం. మీది ఫ్లాట్ అయితే అసోసియేషన్‌కి కూడా ముందే చెప్పుకోండి.

కిటికీ దగ్గర నాన్న రంగంలోకి దిగారు. ఇటుకలతో మూసేస్తే చవగ్గా బ్రహ్మాండంగా అయిపోతుంది అని ఓనర్ అంటే, "ఈశాన్యం కిటికీ మూస్తారా, ఇంట్లో నేనున్నంత కాలం కుదరదు" అని నాన్న. అయిపోయింది. సరే అని పాత స్లైడింగ్ కిటికీ పీకేసి తలుపులా తెరుచుకునే యూపీవీసీ పెట్టించారు, ఎందుకంటే స్లైడింగ్ కిటికీ పట్టాల మీద జరగాలి కాబట్టి ఎక్కడో చోట సందు ఉండే తీరుతుంది, తెరుచుకునేది మూసినప్పుడు రబ్బరుని నొక్కుకుని బిగుస్తుంది. లోపలి గోడకి ఇంకో అద్దం, ఇది కదలదు, రెండు అద్దాల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ గ్లాసు. బయటిదీ లోపలిదీ కావాలనే వేరే మందాలు పెట్టారు, ఒకే మందం అయితే రెండూ ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర బలహీనపడతాయి. ఖర్చు బాగానే పెరిగింది గానీ నిజం చెప్పాలంటే ఇప్పుడు ఆ గదిలో పొద్దున్న ఎండ పడుతుంటే నాన్నకి థ్యాంక్స్ చెప్పాలనిపిస్తుంది, చెప్పలేదనుకోండి.

ఇక తలుపు. ఇక్కడే నాకూ ఓనర్‌కీ దాదాపు గొడవైంది.

తలుపు తయారీ బాగుంది, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు, మధ్యలో బరువైన వినైల్ షీటు, మొత్తం యాభై కిలోల పైనే ఉంటుంది, ఒక్క చేత్తో లాగితే మెల్లగా కదులుతుంది. చుట్టూ ఫ్రేముకి గ్యాస్కెట్ రబ్బరు రెండు వరసలు, కింద డ్రాప్ సీల్ అని ఒక పట్టీ, తలుపు మూయగానే అది దిగి నేలకి అతుక్కుంటుంది. మొదటి వారం అద్భుతం. తర్వాత నాకేదో తేడా కొడుతోంది, హాల్లో టీవీ సీరియల్ డైలాగులు కాదు గానీ ఆ మ్యూజిక్‌లో కీచుమనేవి మాత్రం హెడ్‌ఫోన్స్‌లో సన్నగా తెలుస్తున్నాయి. రాత్రి హాల్లో లైట్లన్నీ తీసేసి, గదిలో ఫోన్ టార్చ్ పెట్టి, బయటికొచ్చి తలుపు మూసి చూశా. తాళం వైపు పై మూలన వెంట్రుక మందాన వెలుతురు గీత, జానెడు పొడుగు. అంత బరువుకి మామూలు హింజెస్ వేశారు, స్క్రూలు చిన్నవి, తలుపు కిందికి జారి పై మూల వదులైపోయింది.

ఇంత చిన్న సందుకి ఇంత గోలా అనుకుంటారేమో. గోడ మొత్తం మీద నూటికి ఒక వంతు ఖాళీ ఉందంటే ఆ గోడ ఎంత గొప్పదైనా 20 డెసిబెల్స్ దగ్గర ఆగిపోతుంది, అది లెక్క. మూడడుగుల తలుపు కింద అరంగుళం సందు వదిలారంటే తలుపు వైశాల్యంలో అది నూటికి ఒక వంతు కూడా కాదు, అయినా ఆ తలుపు ఇనుముతో చేసినా 22 డెసిబెల్స్ దాటి ఆపలేదు. అందుకే ఎవరైనా "సౌండ్‌ప్రూఫ్ తలుపు" అని అమ్మితే తలుపుని కాదు, అంచుల్ని చూడండి.

ఫోన్ చేస్తే "రేపు పంపిస్తా మేడమ్". ఆ రేపు ఎప్పటికీ రాదు. బ్యాలెన్స్ పేమెంట్ కొంత నా దగ్గర ఆగి ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే వచ్చేవాళ్ళు కాదేమో అని నా అనుమానం. ఆఖరికి కార్పెంటర్ వచ్చాడు, పెద్దాయన, ఒక్క చూపులో "అక్కా, ఇది నేను చెప్పిన హింజ్ కాదు" అన్నాడు, బేరింగ్ ఉన్న హెవీ హింజెస్ తెచ్చి పొడుగు స్క్రూలతో బిగించి, డ్రాప్ సీల్ మళ్ళీ అడ్జస్ట్ చేసి, తనే లైట్ ఆపి టార్చ్ పెట్టి చూసుకుని వెళ్ళాడు. ఆ మనిషికి విడిగా ఐదు స్టార్లు.

రెండో గొడవ గాలి. ఇంత బిగించి కట్టిన గదిలో ఇద్దరు తలుపేసుకుని కూర్చుంటే కాసేపటికి తల బరువు, ఆవలింతలు. ఓనర్‌ని అడిగితే "ఏసీ ఉంది కదా" అంటాడు. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పి చల్లబరుస్తుంది గానీ కొత్త గాలి తేదు, ఇది ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళకి తెలియదా? కొటేషన్‌లో వెంటిలేషన్ అనే మాటే లేదు, మేం పట్టుబట్టాక కలిపారు. చేసింది మాత్రం బాగా చేశారు. ప్లైవుడ్‌తో రెండు పెట్టెలు, లోపల అడ్డుగోడలు, గాలి వంకర్లు తిరుగుతూ పోవాలి, లోపలంతా సౌండ్ మింగే లైనింగ్, ఒకటి గాలి రావడానికి, ఒకటి పోవడానికి. ఫ్యాన్ గదిలో కాదు, బాల్కనీలో ఉంది, అక్కడి నుంచి పెద్ద డక్ట్. చిన్న డక్ట్‌లో గాలి వేగంగా వెళ్తే ఆ గాలే బుస్సుమంటుంది, పెద్దదాంట్లో నెమ్మదిగా వెళ్తే అసలు తెలియదు. మైక్ కండెన్సర్‌దే (సన్నని సౌండ్ కూడా పట్టేసే రకం) వాడతాను, అయినా ఫ్యాన్ ఆన్‌లో ఉన్నా ట్రాక్‌లో ఏం పడట్లేదు. ఏసీ మాత్రం తక్కువ స్పీడ్‌లో పెట్టుకోవాలి, హైలో పెడితే ఆ సౌండ్ మైక్ పట్టేస్తుంది. మే నెలలో చాప్టర్‌కీ చాప్టర్‌కీ మధ్య హైలో పెట్టుకుని గది చల్లబరుచుకోవడమే.

గది లోపల మోత తగ్గించే పని, అదే మూడో పని, ఇది వీళ్ళకి ఇవ్వకుండా మేమే చేసుకున్నాం. రాక్‌వూల్ స్లాబులు, 64 డెన్సిటీవి, రాణిగంజ్‌లో తెచ్చి చెక్క ఫ్రేముల్లో పెట్టి బట్ట చుట్టాం. బట్ట కొనేటప్పుడు ఒకటే టెస్ట్, నోటికి అడ్డం పెట్టుకుని ఊదండి, ఊపిరి అవతలికి పోతే సౌండ్ కూడా పోతుంది, షాపులో జనం వింతగా చూస్తారు, పర్లేదు. నాలుగంగుళాల మందం, గోడకి ఇంకో రెండంగుళాలు వదిలి, మూలల్లో ఇంకా మందంగా. ఆ ఒక్క అంగుళం ఫోమ్ ఎందుకు వద్దన్నానంటే అది సుమారు వెయ్యి హెర్ట్జ్ పైన ఉన్నవే మింగుతుంది, "స", "ష" లాంటి పై శబ్దాలు చచ్చిపోయి కింద బుంగ సౌండ్ అలాగే మిగులుతుంది, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. చాలామంది ఇళ్ళల్లో చేసిన రికార్డింగులు వింటే ఇదే. ఇంకోటి, మామూలు పీయూ (పాలీయురేథేన్) ఫోమ్ అంటుకుంటే క్షణాల్లో మండుతుంది, పొగ విషం. 2003లో అమెరికాలో రోడ్ ఐలాండ్‌లో ఒక నైట్‌క్లబ్‌లో స్టేజీ బాణసంచా నిప్పు గోడల ఫోమ్‌కి అంటుకుని 100 మంది చనిపోయారు. ఒకటే తలుపు ఉన్న బిగుతు గదిలో అది పెట్టుకోవడం నాకైతే భయం. రాక్‌వూల్ మండదు, కానీ చేతులు, మెడ దురదలు, మాస్కూ గ్లౌజులూ లేకుండా ముట్టుకోవద్దు, దాన్ని కత్తిరించేటప్పుడు వేసుకున్న బట్టలు విడిగా ఉతకండి, మా ఆయన చొక్కా ఒకటి కలిపి ఉతికితే ఇంటిల్లిపాదీ గోక్కున్నాం.

సరే, ఇంతకీ రిజల్ట్ ఏంటి. మామూలు మాటలు, బండ్లు, కుక్కలు, కింద మిక్సీ, కుక్కర్ విజిల్, అవన్నీ పోయాయి. రైలు హారన్ చెవి పెట్టి వింటే ఎక్కడో దూరంగా తెలుస్తుంది, ట్రాక్‌లో పడదు. ఆడియోబుక్స్ వాళ్ళు, ఏసీఎక్స్ (అమెజాన్ వాళ్ళ ఆడియోబుక్స్ సైటు) లాంటి చోట్ల, నాయిస్ ఫ్లోర్, అంటే మనం మాట్లాడనప్పుడు రికార్డింగ్‌లో మిగిలే సౌండ్, మైనస్ 60 డెసిబెల్స్ కన్నా కింద ఉండాలంటారు, ఇదివరకు ప్రతి ఫైలుకీ నాయిస్ రిడక్షన్ వేసి గొంతు పాడుచేసుకునేదాన్ని, ఇప్పుడు అది ముట్టుకోకుండానే పాసైపోతున్నాయి. బయటికి పోయే సౌండ్ సంగతి పక్కింటి ఆంటీ మాటల్లో తెలిసింది, "ఏంటమ్మా, మీ తమ్ముడు ఈ మధ్య వాయించడం మానేశాడా?" అని గోడ మీంచి అడిగారు. వాడు రాత్రి పదకొండింటికి స్పీకర్ల మీద మిక్స్ చేస్తున్నాడు అప్పటికి. రెసిడెన్షియల్ ఏరియాలో రాత్రి పది దాటితే రూల్ ప్రకారం 45 డెసిబెల్సే, అది దృష్టిలో పెట్టుకునే కట్టించాం.

పోనివి రెండున్నాయి. వినాయక నిమజ్జనానికీ బోనాలకీ డీజే బండి వీధిలోకొస్తే ఆ "ధమ్ ధమ్" వస్తుంది, పాట రాదు, ధమ్ మాత్రం వస్తుంది. రెండు గోడల మధ్య ఉన్న గాలి స్ప్రింగు, జిప్సం దాని మీద ఊగే బరువు, మా కొలతలకి అది సుమారు 50 హెర్ట్జ్ దగ్గర ఊగుతుంది, సరిగ్గా డీజే బేస్ ఉండే చోటే, అక్కడ కొత్త గోడ వల్ల లాభం దాదాపు ఉండదు. ఓనర్ ఇది ముందే చెప్పాడు, నిజాయితీకి మార్కులు. ఆ రోజుల్లో పని పెట్టుకోం, ఊరేగింపు చూడ్డానికే వెళ్తాం.

రెండోది కింద అమ్మ రోట్లో అల్లం వెల్లుల్లి దంచితే వచ్చే టక్ టక్. ఇది గాల్లో రాదు, పిల్లర్లూ స్లాబూ పట్టుకుని వస్తుంది, గోడలకి ఎంత చేసినా ఆగదు, నేలని కూడా రబ్బరు ప్యాడ్ల మీద పూర్తిగా తేల్చాలి. మేం బడ్జెట్ చూసుకుని రబ్బరు షీటు మీద ప్లైవుడ్, కార్పెట్‌తో సరిపెట్టాం. అమ్మ రోలు కింద పాత యోగా మ్యాట్ ముక్క మడిచి పెడితే సగం తగ్గింది. టెర్రస్ మీద మోటారుకి కూడా అంతే, మొత్తం ప్రాజెక్టులో అతి చవకైనది దాని కింద పెట్టిన నాలుగు రబ్బరు ప్యాడ్లు, సీలింగ్‌కి పెట్టిన డబ్బుకన్నా అవే ఎక్కువ పని చేశాయేమో అనిపిస్తుంది.

తమ్ముడి కంప్లైంట్ ఇంకోటి, లోపల గది 12 బై 9 చిల్లరకి తగ్గింది, ఎత్తు కూడా తొమ్మిది అడుగుల లోపే, వెడల్పూ ఎత్తూ దాదాపు ఒకటే అయ్యేసరికి 60 హెర్ట్జ్ చుట్టూ బేస్ ఒక చోట ఉబ్బుతుంది, ఒక చోట మాయమవుతుంది. నా గొంతుకి దాంతో పనిలేదు, వాడికి మిక్సింగ్‌లో తలనొప్పి, ఇంకో రెండు బేస్ ట్రాప్‌లు (బేస్‌ని మింగే మందపాటి ప్యానెళ్ళు) చేసుకుంటానంటున్నాడు.

డబ్బు సంగతి: ఏసీ, మా ప్యానెళ్ళు, కిటికీ అన్నీ కలిపి మూడున్నర లక్షలు దాటింది, అందులో తలుపూ కిటికీ కలిపితేనే మూడో వంతు దాకా. వీళ్ళు మొదట ఇచ్చిన కొటేషన్ కన్నా బాగానే పెరిగింది, కొంత మేం కలిపినవి, కొంత ఎలక్ట్రికల్ పని, ట్రాన్స్‌పోర్టు అని వాళ్ళు తర్వాత కలిపినవి. వీళ్ళతో గానీ ఇలాంటి ఇంకెవరితో గానీ చేయించుకునేట్టయితే తలుపు హింజెస్ ఏవి, సీలెంట్ ఏది (ఎండిపోయి పగలనిది కావాలి, మామూలు వైట్ సిమెంటు పుట్టీ కాదు), గోడలో స్విచ్ బోర్డు డబ్బాల వెనక ఏం మూస్తారు, గాలి ఎలా వస్తుంది, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి, ఆఖరి పేమెంట్ టార్చ్ టెస్ట్ అయ్యాకే ఇవ్వండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు అయితే ఇదంతా వద్దు, బట్టలు నిండా ఉన్న బీరువా తలుపులు తెరిచి దాని ముందు, వెనకాల ఒక పరుపు నిలబెట్టి, డైనమిక్ మైక్ (దూరం సౌండ్లు పెద్దగా పట్టని రకం) నోటికి దగ్గరగా పెట్టుకుని రాత్రిపూట రికార్డ్ చేస్తే చాలా పనులు అయిపోతాయి, నేను చాలాకాలం అలానే తిండి తిన్నాను.

పనితనానికి నాలుగు, టైముకి రెండు, తర్వాత సర్వీసుకి రెండున్నర. మళ్ళీ పెట్టుకుంటామా అంటే ఆ కార్పెంటర్ ఇంకా వాళ్ళ దగ్గరే ఉంటే పెట్టుకుంటాం. తమ్ముడు ఇప్పుడు డ్రమ్స్ కొంటానంటున్నాడు. దానికి నేల మొత్తం తేల్చాలి, ఇంజనీర్‌ని మళ్ళీ పిలవాలి, ఆ కొటేషన్ మాత్రం వాడి పేరు మీదే.